ఓడెక్కిన కొబ్బరి కోరు, ముక్కలైన పండుగప్ప

విశాఖపట్నం ఎందుకు వెళ్ళావని అడిగితే బీచ్ చూడ్డానికని చెప్పడం తేలిక. నేను వెళ్ళింది మాత్రం మా కొబ్బరి కోరు ఎవరు తింటున్నారో చూడ్డానికి. మాది అంబాజీపేట పక్కన చిన్న పల్లె. కొబ్బరికాయలు కొట్టి, తురిమి, ఆరబెట్టి, పాకెట్లు కట్టే చిన్న యూనిట్ నాది. నాతో కలిపి ఏడుగురం ఆడవాళ్ళం. మా సరుకులో ముప్పావు వంతు ఒక్క బిస్కెట్ల కంపెనీయే కొనేది. ఈ వేసవిలో వేరేచోట చౌకగా దొరికిందని వాళ్ళు మానేశారు. గోడౌన్లో అట్టపెట్టెలు పైకప్పును తాకుతుంటే, ఆర్నెల్లు తిరక్కుండా ముగ్గురిని మానిపించాల్సి వస్తుందని నాకు అర్థమైపోయింది. ఎవరిని మానిపించాలన్నదే అర్థం కాలేదు. సూర్యకాంతం పిల్ల ఇంటరు చదువుతోంది, మంగ ఇల్లు సగంలో ఉంది, ఇలా ఒక్కొక్కరి ముఖం గుర్తొస్తే నాకు నిద్ర పట్టేది కాదు.

అప్పుడే హైదరాబాదు నుంచి ఓ సలహాదారు దొరికాడు. విదేశాలకు అమ్మాలంటే ముందు మా పేరు మార్చాలట, పాకెట్ మార్చాలట, ఫోన్లలో ప్రకటనలు కుమ్మరించాలట. ప్రపంచీకరణ గురించి ఆయన గంటసేపు చెప్పాడు, చివర్లో తన ఫీజు చెప్పాడు. ప్రపంచం అంత ఖరీదైందని నాకు అంతవరకూ తెలీదు. ఆలోచించుకుని చెబుతానన్నాను. ఆ వారమే పాకెట్ మీద నంబరు చూసి విశాఖపట్నం నుంచి ఎస్తేరు అనే ఆవిడ ఫోన్ చేసింది. పరిచయం లేదు, పలకరింపు లేదు, నేరుగా విషయంలోకి దిగింది. "ఓడల్లో వంటోళ్ళు నీ కొబ్బరే అడుగుతన్నారమ్మా. నా కాడ రెండే పాకెట్లున్నాయి. ఇంక నాను ఎక్కడ్నుంచి తెచ్చేది?"

నా కొబ్బరి ఓడెలా ఎక్కిందో ఆరా తీస్తే బయటపడిన సంగతి ఇది. మా ఊరి పిల్ల శ్రీదేవి స్టీల్ ప్లాంట్ ఉద్యోగిని చేసుకుని దువ్వాడలో కాపురం ఉంటోంది. పుట్టింటికి వచ్చినప్పుడల్లా మా పాకెట్లు పట్టుకెళ్తుంది. పక్కింట్లో ఉండే క్రైస్తవ కుటుంబానికి క్రిస్మస్ పిండివంటల కోసం నాలుగు పాకెట్లు ఇచ్చింది. ఆ ఇంటి కోడలి తల్లే ఈ ఎస్తేరు. ఆవిడ ఓడలకు సరుకులు అందించే ఒక సంస్థ తరఫున చేపలు, కూరగాయలు, పళ్ళు కొని రేవుకు చేరవేస్తుంది. ఓ రోజు మార్కెట్లో మంచి కొబ్బరికాయలు లేకపోతే, కూతురింటి నుంచి తెచ్చుకున్న మా పాకెట్ ఒక ఫిలిప్పీన్స్ వంటవాడి చేతిలో పెట్టింది. ఆయన ఇంకో ఓడ వంటవాడికి చెప్పాడు, ఆ రెండోవాడు మూడోవాడికి చెప్పాడు. మా ఊళ్ళో రెండు వీధుల అవతల ఉన్న కిరాణా కొట్టుకు నేను ఇంకా సరుకు అమ్మలేకపోతుంటే, నా పేరు తెలియనివాళ్ళు నా కొబ్బరితో సముద్రాలు దాటేస్తున్నారు.

ఎస్తేరు గారు ఒక షరతు పెట్టింది. రోమెల్ అనే ఫిలిప్పీన్స్ పెద్ద వంటవాడు బొగ్గు ఓడలో వస్తున్నాడు, వచ్చి అతన్ని కలవమంది. తక్కిన వంటవాళ్ళు అతని మాట వింటారట. అతను సరేనంటే నెలనెలా సరుకు తీసుకుంటుంది, లేదంటే లేదు. రెండు అట్టపెట్టెల కోరు కట్టుకుని బయల్దేరాను. ముగ్గురి పని నా చంకలోనే ఉన్నట్టనిపించింది.

రాజమండ్రిలో రాత్రి రైలెక్కితే తెల్లవారుజామున నాలుగున్నరకు దువ్వాడలో దిగాను. స్లీపర్ టికెట్ రెండు వందలకు కాస్త అటూ ఇటూ. చాలా రైళ్ళు విశాఖ స్టేషన్‌లోకి వెళ్ళకుండా దువ్వాడలో ఆగి అటునుంచటే పోతాయి కాబట్టి టికెట్ తీసుకునేటప్పుడే అది చూసుకోండి. చూసుకోనివాళ్ళు విజయనగరంలో దిగి వెనక్కి రావాల్సి వస్తుంది. స్టేషన్ బయట షేర్ ఆటోకి ఇరవై రూపాయలిస్తే కూర్మన్నపాలెం జంక్షన్‌లో దింపాడు. అట్టపెట్టెలకు ఇంకో సీటు డబ్బు అడిగాడు, న్యాయమే. అక్కడ గాజువాక, సింధియా మీదుగా పాత ఊరికి వెళ్ళే సిటీ బస్సు ఎక్కాను. టికెట్ యాభై లోపే.

బస్సులో రాత్రి షిఫ్టు దిగిన ఇద్దరు స్టీల్ ప్లాంట్ ఉద్యోగులు నా ముందు సీట్లో కూర్చున్నారు. కండక్టరుతో నేను ‘ఆయ్, అలాగేనండి’ అనగానే వాళ్ళలో ఒకాయన వెనక్కి తిరిగి ఏ ఊరని అడిగాడు. చెప్పాను. ఆయనది రాజోలట, వచ్చి పాతికేళ్ళయిందట. అంతే, వానల గురించి, కాయ ధర గురించి, మా ఊరి రోడ్డు గురించి మాటలు మొదలు. పక్కనున్న స్థానికుడు కాసేపు విని నవ్వాడు. "ఏటి బావా, మీ గోదారోళ్ళు బస్సు టికెట్ కొట్టేలోపే సుట్టాలైపోతారేటి?" రాజోలు ఆయన దిగేటప్పుడు నా దగ్గర ఓ పాకెట్ కొన్నాడు. డబ్బు వద్దంటే ఒప్పుకోలేదు. విశాఖలో నా మొదటి అమ్మకం సూర్యుడు రాకముందే జరిగిపోయిందని సంబరపడ్డాను. కిటికీలోంచి ఉక్కు కర్మాగారం పొగగొట్టాలు, ఆ తర్వాత నూనె ట్యాంకులు, క్రేన్లు వరసగా కనిపించాయి. తెల్లారే వేళ ఆ దారి చూడాల్సిందే, కాబట్టి కిటికీ సీటు దొరికితే వదలకండి.

పాత పోస్టాఫీసు దగ్గర దిగి, ఎనభై రూపాయలకు ఆటో మాట్లాడుకుని ఫిషింగ్ హార్బర్ చేరేసరికి ఆరు దాటింది. అప్పటికే సగం వేలం అయిపోయింది. మరబోట్లు ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి. గంపలు, నీళ్ళు, అరుపులు, ఐసు మర చప్పుడు, ఓ పక్క తీరిగ్గా వలలు అల్లుకుంటున్నవాళ్ళు. చెప్పులు కాకుండా పాతవి ఏవైనా బూట్లు వేసుకుని వెళ్ళండి, నేను పట్టు అంచు చీర కట్టుకుని వెళ్ళాను. అందరూ నన్నే చూశారు. ఎస్తేరు గారు నన్ను చీరను బట్టే గుర్తుపట్టింది. యాభై అయిదేళ్ళుంటాయి, పొట్టి మనిషి, చేతిలో ఫోను, భుజానికి టార్పాలిన్ సంచి. పైనుంచి కింద దాకా చూసి, "పెళ్ళికొచ్చావేటమ్మా?" అంది. ఆవిడ వ్యాను నడిపే అప్పలరాజు పెట్టెలు అందుకుని నవ్వు ఆపుకున్నాడు.

ఆ రోజు పని ఏమిటో ఆవిడ నడుస్తూనే చెప్పింది. రోమెల్ ఓడ రాత్రికి రేవు వదులుతుంది. ఓడలో ముసలి ఇంజనీరు ఒకాయనకు ఉద్యోగంలో ఇదే చివరి ప్రయాణమట, సాయంత్రం ఆయనకు వీడ్కోలు విందు. దానికి నాలుగు పెద్ద పండుగప్పలు కావాలి. అవి వేలంలో దొరకడమే కష్టం, ఆవిడ నిన్నటి నుంచే ఇద్దరు బోటువాళ్ళకు చెప్పి ఉంచింది. చేపలు చూస్తే నాకే నోరూరింది. ఒక్కోటి నా మోచెయ్యి కంటే పొడుగు, ఒళ్ళంతా వెండి మెరుపు. వాటిని పోలమ్మ అనే ఆవిడ దగ్గర పెట్టి, శుభ్రం చేయించమని నాకు చెప్పి, ఎస్తేరు గారు, అప్పలరాజు ఐసు కోసం వెళ్ళారు.

పోలమ్మ హార్బర్లో చేపలు కోసే మనిషి. పొలుసు తీసి, పొట్ట కడిగి, కత్తిపీట ముందుకు లాక్కుంది. "పులుసుకేనా?" అని అడిగిందో లేదో కూడా నాకు సరిగ్గా గుర్తులేదు, ఎందుకంటే మా ఇళ్ళలో ఆ ప్రశ్నే ఉండదు. పండుగప్ప అంటే పులుసే. చేపను కోయకుండా ఇంటికి తీసుకెళ్తే మా అత్తగారు నన్ను మళ్ళీ వీధిలోకి పంపేది. ఎస్తేరు గారి సరుకని పోలమ్మ కూలి కూడా వద్దంది, ముక్కలు సమానంగా రావాలని ఎంతో శ్రద్ధగా కొట్టింది. నేను పెద్ద ఆరిందాలా పక్కన నిలబడి ముక్క లావుగా ఉండాలని, తలకాయలు మాత్రం చీల్చకుండా అలాగే ఉంచమని సలహాలిచ్చాను. మా ఇంట్లో తలకాయ నిండుగా పులుసులో వేస్తాం మరి. నాలుగు చేపలూ చకచకా ముక్కలైపోయాయి. ఇద్దరం పని చూసుకుని మురిసిపోయాం.

ఐసు బుట్టతో వచ్చిన ఎస్తేరు గారు గంపలోకి చూసింది. బుట్ట కింద పెట్టి, పక్కనున్న చెక్కపెట్టె మీద కూలబడింది. అప్పుడు చెప్పింది. వాళ్ళ వీడ్కోలు విందులో చేప తల నుంచి తోక దాకా అలాగే ఉండాలట, కడుపులో మసాలా కూరి, కాల్చి, బల్ల మధ్యలో పెడతారట. ఆ ఇంజనీరు ముందు అది పెట్టాలని రోమెల్ నెల ముందే చెప్పాడట. పోలమ్మ కత్తి కడగడం ఆపేసి, "ముక్కలు సెయ్యకుండా సేపని ఏటి సేత్తారమ్మా?" అని నిజంగానే అడిగింది. నా సందేహమూ అదే.

మరో నాలుగు పండుగప్పల కోసం హార్బరంతా తిరిగాం. లేవు. ఉన్నవి చిన్నవి, పెద్దవన్నీ అప్పటికే లారీలెక్కేశాయి. అప్పలరాజు ఓ దారి చెప్పాడు. ఈ రోజు పండుగప్ప పడనే లేదని చెప్పేసి, వంజరం ఇచ్చేస్తే సరిపోతుందని, ఓడ రాత్రికి వెళ్ళిపోతుంది కదా అని. నిజం చెప్పాలంటే నాకు ఆ మాట బాగానే వినిపించింది. రోమెల్‌కి కోపం వస్తే పోయేది ఎస్తేరు గారి పరువు ఒక్కటే కాదు, ఆయన తలాడిస్తేనే నా కోరు అమ్ముడవుతుంది. ఎస్తేరు గారు మాత్రం అప్పటికే ఫోను తీసేసింది.

"ఓడ ఎల్లిపోద్ది గానీ ఆడు ఎల్లిపోడు తమ్ముడూ," అంది నంబరు నొక్కుతూనే. "రేపు సింగపూర్లో ఇంకో వంటోడి పక్కన కూకుని ఈ సేప గురించే సెప్తాడు. అబద్ధం ఆడి దొరికిపోయానని సెప్పడం కంటే, తప్పు సేసి సెప్పీసిందని సెప్తే నాకు నయం."

వచ్చీరాని ఇంగ్లీషులో, ఎక్కడా తొణక్కుండా, జరిగింది జరిగినట్టు చెప్పింది. నా పేరు ఎత్తలేదు. తన మనుషులు పొరపాటున కోసేశారంది. అవతలి నుంచి ‘నేనే బయటికి వస్తాను’ అన్న మాట మాత్రం నాకూ వినబడింది. మేం రేవు గేటు వైపు బయల్దేరాం. మీరు వెళ్ళేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి, పాసు లేకుండా మనల్ని రేవు లోపలికి రానివ్వరు, గేటు దగ్గర ఫొటోలు తీయడం కూడా కుదరదు. ఓడలవాళ్ళే అనుమతి కాగితం తీసుకుని ఊళ్ళోకి వస్తారు. ఎదురుగా టీకొట్లో పదిహేను రూపాయల టీ తాగుతూ, మా ఊళ్ళో ఆరుగురికీ ఏం చెప్పాలో తలచుకుంటూ కూర్చున్నాను. ఆ టీ రుచి ఎలా ఉందో నన్నడక్కండి.

రోమెల్ నేననుకున్నట్టు లేడు. పెద్ద వంటవాడంటే భారీ మనిషి అనుకున్నాను, వచ్చింది నలభై ఏళ్ళ బక్కపల్చటి మనిషి, నెత్తిన టోపీ. వ్యాను వెనక తలుపు తీసి ముక్కలు చూశాడు. ముఖం మాడిపోయింది. తిట్టలేదు. ఆ ముసలాయన తనకు మొదటి ఓడలో అన్నం పెట్టిన మనిషని, ఆయనకు చివరి విందు సరిగ్గా పెట్టాలనుకున్నానని మాత్రం చెప్పాడు. తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది. అప్పుడు నేనే ముందుకొచ్చి, నాకొచ్చిన ఇంగ్లీషులో, ముక్కలు దగ్గరుండి కొట్టించింది నేనేనని, ఎస్తేరు గారి మనుషుల తప్పేం లేదని చెప్పాను. ఆయన నా పట్టు అంచు చీరను, దాని మీద పడ్డ పొలుసును చూసి, ఈవిడ ఎవరని ఎస్తేరు గారిని అడిగాడు. కొబ్బరి ఈవిడదేనని ఆవిడ చెప్పింది. పరిచయం అలా జరిగింది. ఇంతకంటే చెడ్డగా జరిగిన వ్యాపార పరిచయం మీకెవరికైనా ఉంటే నాకు రాయండి.

కూరగాయలు ఎలాగూ కొనాలి కాబట్టి అందరం పూర్ణా మార్కెట్‌కి వెళ్ళాం. పదకొండు గంటలకు అక్కడ నడవడమంటే తోసుకోవడమే. ఎస్తేరు గారు ఎవరి దగ్గర అల్లం బాగుంటుందో, ఎవరి తూకం నికరమో చెబుతూ ముందు నడుస్తుంటే మేం వెనకాల. రోమెల్ ఓ ఆకుకూరల గంప దగ్గర ఠక్కున ఆగిపోయాడు. మునగాకు. వాళ్ళ ఊళ్ళో ప్రతి ఇంటి వెనకా ఆ చెట్టు ఉంటుందట, వాళ్ళమ్మ చేప కూరలో వేస్తుందట. పక్కనే బచ్చలి చూసి అదీ తమ ఆకేనన్నాడు. ఆయన అంత సంబరపడుతుంటే గంపావిడ డబ్బు తీసుకోకుండా రెండు కట్టలు ఎక్కువ పడేసింది. మునగాకును పరాయిదేశం వాడు ఎలా గుర్తుపట్టాడా అని ఆవిడ ఆశ్చర్యం. నాదీ అదే. వాళ్ళు ఏం తింటారో తెలుసుకోకుండా వాళ్ళకు అమ్మడానికి నేను పాకెట్ మీద రంగుల గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను. చేప కూరలో మునగాకుతో పాటు ఇంకేం వేస్తారని అడిగాను. కొబ్బరిపాలు, అన్నాడు. అని, నా వైపు తిరిగాడు. ఆ చేప ముక్కలుగా వేస్తారా, నిండుగానా అని అడిగాను. ముక్కలుగానే, అన్నాడు నెమ్మదిగా.

అయితే వండి చూద్దామని పావుగంటలో ఎస్తేరు గారి వంటింట్లో ఉన్నాం. వన్‌టౌన్‌లో ఇరుకు సందు, పాత మేడ మీద రెండు గదులు. రేవులో పనిచేసి రిటైరైన ఆవిడ భర్త మమ్మల్ని చూసి కుర్చీలు వేసి, తను గుమ్మంలో నిలబడ్డారు. రోమెల్ నా పాకెట్ ఒకటి చింపి, వాసన చూసి, వేణ్ణీళ్ళలో నానబోశాడు. కోరు నానాక గుడ్డలో వేసి పిండాడు. పాలు చిక్కగా, తెల్లగా దిగాయి. నాలుక మీద వేసుకుని తలాడించాడు కానీ అది సరేననడమో, ఊరికే తలాడించడమో తెలియలేదు. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి, నాలుగు ముక్కలు, ఆ పాలు, చివర్లో మునగాకు. పసుపు లేదు, కారం లేదు, చింతపండు అసలే లేదు. మాకు తలా ఒక గరిటె పెట్టాడు.

బాగుంది. మా ఊరి పులుసు కాదు, దానికి చుట్టం కూడా కాదు, కానీ బాగుంది. ఎస్తేరు గారు రెండో గరిటె అడిగి, తింటూనే, "సింతపండు లేకుండా సేప ఏటమ్మా, జొరమొచ్చినోడికి పెట్టినట్టు," అంది. నేను అనువదించలేదు. రోమెల్ మాత్రం ఆవిడ ముఖం చూసి నవ్వేశాడు, పొద్దుట్నుంచి ఆయన నవ్వడం అదే మొదలు. తర్వాత గంప తెరిచి తలకాయలు నాలుగూ బయటికి తీశాడు, చీల్చకుండా నిండుగా ఉన్నవి. వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, ఇలా ఉంచమని ఎవరు చెప్పారని అడిగాడు. చెప్పాను. రోజంతా నేను మాట్లాడిన మాటల్లో పనికొచ్చింది అదొక్కటే. అప్పలరాజును మళ్ళీ మార్కెట్‌కి పంపి నాలుగు నిండు అరిటాకులు తెప్పించమన్నాడు. ఎందుకో చెప్పలేదు. నా రెండు పెట్టెలూ వ్యానులోకి ఎక్కించమని మాత్రం చెప్పాడు. నెలనెలా సరుకు సంగతి నేను అడగబోతే ఎస్తేరు గారు కళ్ళతోనే ఆపింది. ముందు ఆయన విందు గడవనీ, తర్వాత అడుగుదాం అంది.

రెండున్నరకు వ్యాను రేవు గేటులోకి వెళ్ళిపోయింది. ఎస్తేరు గారికి పాసు ఉంది, నాకు లేదు. మార్కెట్ దగ్గర చిన్న హోటల్లో నూట ఇరవైకి భోజనం చేశాను, పప్పు బాగుంది, నాకే సహించలేదు. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి నాలుగున్నరకు రావులపాలెం మీదుగా మా వైపు వచ్చే బస్సు ఎక్కాను. టికెట్ నాలుగు వందల లోపు, అయిదు గంటలకు పైనే ప్రయాణం. రైలు కంటే ఇదే నయం, ఎందుకంటే రాజమండ్రిలో దిగి మళ్ళీ బస్సు పట్టుకునే పని ఉండదు. గాజువాక ట్రాఫిక్ మొత్తం కిటికీలోంచి చూశాను. ప్రతి అయిదు నిమిషాలకీ ఫోను చూశాను. సూర్యకాంతం రెండుసార్లు చేసింది, ఎత్తలేదు. ఏం చెప్పను?

బస్సు కూర్మన్నపాలెం దాటుతుంటే ఎస్తేరు గారి నుంచి ఫొటో వచ్చింది. ఓడల్లో రాత్రి భోజనం అయిదున్నరకే అట. పొడవాటి బల్ల, దాని మీద పరిచిన అరిటాకులు, ఒక్కో ఆకులో ఒక్కో చేప. తలకాయ, దాని వెనక వరసగా ముక్కలు, చివర తోక, అన్నీ మళ్ళీ చేప ఆకారంలో పేర్చి, మీద కొబ్బరిపాలు పోసి, చుట్టూ మునగాకు. కోసిన గీతలు కనిపిస్తూనే ఉన్నాయి, అయినా అది నిండు చేపే. బల్ల చివర తెల్ల జుట్టు పెద్దాయన ఒకరు కళ్ళు తుడుచుకుంటున్నారు. పక్కన రోమెల్, నెత్తిన అదే టోపీ. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఆ వెనకే ఎస్తేరు గారి ఫోను. వంటవాళ్ళ వాట్సాప్ గుంపులో రోమెల్ ఆ ఫొటో పెట్టి ఏం రాశాడో కూతురితో చదివించుకుని నాకు చెప్పింది. విశాఖపట్నం రేవులో ఎస్తేరు అని ఒకావిడ ఉంది, చేప పాడుచేస్తే పాడుచేశానని ముందే చెబుతుంది, ఆవిడ దగ్గర కొబ్బరి ఉంది, ఆ కొబ్బరి చేసేవాళ్ళు తలకాయ చీల్చరు, అని రాశాడట. అప్పటికే ఇద్దరు అడిగారట. నెలకు పాతిక పెట్టెలతో మొదలుపెడదామంది. "నీ పాకెట్ మీద పేరు ఆళ్ళకి నోరు తిరగట్లేదమ్మా. ఎస్తేరు కొబ్బరి అంటన్నారు. నాను ఒద్దని సెప్పనా?" అని అడిగింది. వద్దనకండి, అలాగే అననివ్వండి అన్నాను. హైదరాబాదు సలహాదారు పేరు మార్చాలన్నాడు కదా, మారింది. ఆయన ఫీజు మాత్రం నాకే మిగిలింది. తర్వాత సూర్యకాంతానికి ఫోన్ చేశాను. ఒక్క రింగుకే ఎత్తింది, వెనకాల తక్కిన ఐదుగురి ఊపిరీ వినిపిస్తోంది. రేపు పొద్దున్నే అందరూ రండి అన్నాను. "అందరూనా?" అంది. అందరూ, అన్నాను. వెనకనుంచి మంగ గొంతు వినిపించింది, విశాఖపట్నం నుంచి ఏం తెస్తున్నావని.

ఇంటికొచ్చి ఇది రాస్తూ ఆలోచిస్తున్నాను. చిన్న వ్యాపారం చేసుకునే మనలాంటివాళ్ళు ప్రపంచమంటే ఎక్కడో దూరంగా, అద్దాల మేడలో ఉంటుందనుకుంటాం. నా సరుకు విషయంలో అది మా శ్రీదేవి పక్కింట్లోనే ఉంది. నాలుగు పాకెట్లు పొరుగింటికి ఇచ్చేటప్పుడు ఆ పిల్ల మార్కెటింగ్ చేస్తున్నాననుకోలేదు, పండగనుకుంది. రోమెల్ గుంపులో రాసిన నాలుగు ముక్కల్లో నా కోరు ఎంత తెల్లగా ఉందో, ఎంత శుభ్రంగా ఉందో ఒక్క మాట లేదు. పని చెడినప్పుడు మేం ఎలా నడుచుకున్నామో అదే ఉంది. మంచి సరుకు చేయడం మా చేతిలో పనే, ఎన్నాళ్ళ నుంచో చేస్తున్నాం. మన గురించి ఇంకొకరు చెప్పుకోవడానికి ఒక కథ దొరకాలంటే మాత్రం, మనకు ఓ చెడ్డ పొద్దు రావాలేమో, అది వచ్చినప్పుడు పక్కన ఎస్తేరు లాంటి మనిషి ఉండాలేమో. నాకు ఆ రెండూ ఒకే రోజు దొరికాయి, ఇంకేం కావాలి.

మీరూ విశాఖ ఫిషింగ్ హార్బర్ వెళ్ళి చేపలు కొంటే చివరగా ఒక్క సంగతి గుర్తుంచుకోండి. శుభ్రం చేయడానికి పోలమ్మ దగ్గరే ఇవ్వండి, అంత నీటుగా ఎవరూ చేయరు. ఇచ్చే ముందు మాత్రం నిండుగా కావాలో ముక్కలు కావాలో నోరు తెరిచి చెప్పండి. చెప్పకపోతే ఆవిడకూ నాకూ తెలిసింది పులుసు ఒక్కటే.